ఆ ఒక్క పేరా గురించి: రెండు హైకోర్టుల న్యాయమూర్తులకు ఒక రిటైర్డ్ స్టెనో బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టుల న్యాయమూర్తులకు,

నమస్కారం.

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఒకావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. వయసు ముప్పై అయిదు దాటి ఉంటుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కుట్టిన కాగితాల కట్ట. "మీరు కోర్టులో జడ్జి గారి ముందు కూర్చుని టైపు కొట్టేవారు కదమ్మా" అంది. అవునన్నాను. "మా కేసులో హైకోర్టు తీర్పు వచ్చింది. ఆయన్ని వదిలేశారని మా లాయరు గారు ఫోన్లో చెప్పారు. ఎందుకు వదిలేశారో ఇందులోనే ఉందంట. అంతా ఇంగ్లీషు. ఎక్కడుందో కాస్త చదివి చెప్పండి."

చిన్నప్పుడు ఇంట్లోవాడు తన మీద చేసిన లైంగిక దాడి గురించి ఆమె పెట్టిన కేసు అది. తీర్పు ముప్పై ఎనిమిది పేజీలు. ఆమె మంచినీళ్ళు తాగేలోపు నేను పేజీలు తిప్పాను. ఏళ్ళ తరబడి చేసిన పని కదా, ఏ పేజీలో ఏముంటుందో చేతికే తెలుసు. సగం దాకా పాత తీర్పుల నుంచి ఎత్తి రాసిన పేరాలు. ఆమె బోనెక్కి చెప్పిన సాక్ష్యం మీద చర్చ ఒకటిన్నర పేజీ. అందులో కింది కోర్టు తీర్పులోని ఒక పేరాను ఉన్నదున్నట్టు ఇచ్చి, ఈమెను ఎందుకు నమ్మారో ఇక్కడ ఒక్క కారణమూ కనబడదు, ఇలాంటి తీర్పు మీద శిక్ష నిలబెట్టలేము అన్నారు.

ఆ పేరా నాకు తెలుసు. అది నేను టైపు చేసిందే.

అందుకే ఈ ఉత్తరం. ఏ జిల్లానో, ఏ కోర్టో, ఏ సంవత్సరం తీర్పో రాయను. ఆమెను గుర్తుపట్టేలా ఏమీ రాయకూడదని చట్టం చెబుతుంది, చట్టం చెప్పకపోయినా రాయను. హైకోర్టు తీర్పు తప్పని కూడా అనడం లేదు. ఆ కాగితాల మీద ఉన్నది మాత్రమే చూసి చెప్పమంటే నేనైనా అలాగే అనేదాన్నేమో. కాగితాల మీదికి ఎక్కనిదాని గురించే నా బాధంతా.

ముప్పై రెండేళ్ళు జిల్లా కోర్టుల్లో స్టెనోగా చేశాను. షార్ట్‌హ్యాండ్ రోజుల నుంచి కంప్యూటర్ దాకా. సాక్షి తెలుగులో చెబుతారు. జడ్జి గారు విని, అప్పటికప్పుడు ఇంగ్లీషులోకి మార్చి డిక్టేట్ చేస్తారు. మేం కొడతాం. చివర్లో, తెలుగులో చదివి వినిపించాం, సరిగ్గా ఉందని ఒప్పుకున్నారు అని ఒక లైను. సాక్షి కోర్టు భాషలో చెబితే ఆ భాషలోనే రాయాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 277వ సెక్షన్ చెప్పేది. నేను పనిచేసిన కోర్టుల్లో మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులోనే సాగేది. పై కోర్టులో తెలుగు రాని న్యాయమూర్తులు ఉండొచ్చు కదా అనేవారు. అదీ కాదనలేం.

కానీ ఆ మార్పిడిలో ఏం పోతుందో మేం కళ్ళారా చూశాం. మన ఇళ్ళల్లో బాబాయి వేరు, మామయ్య వేరు, పెదనాన్న వేరు. ఇంగ్లీషులో అందరూ అంకులే. ఈవిడ కేసులో ఆ ఇంట్లో బాబాయీ ఉన్నాడు, మేనమామా ఉన్నాడు. ఆమె మొదటి నుంచి చివరి దాకా ఒకే మాట అంది, బాబాయి అని. డిపోజిషన్‌లో, అంటే ఆమె సాక్ష్యం రాసిన కాగితాల్లో, ఒకచోట "ఫాదర్స్ బ్రదర్" అని పడింది, ఇంకోచోట ఉత్త "అంకుల్" అని పడింది, క్రాస్‌లో, అంటే ఎదుటి లాయరు ప్రశ్నల్లో, మేనమామ గురించి అడిగినప్పుడు అదీ "అంకుల్" అనే పడింది. ఇన్నేళ్ళ తర్వాత హైకోర్టులో ఎవరో చదివితే ఏమనుకుంటారు? చేసింది ఎవరన్న విషయంలో సాక్షికే స్పష్టత లేదు అనుకుంటారు. అలాగే అనుకున్నారు.

తేదీలూ అంతే. పదకొండేళ్ళ పిల్లకు జరిగింది పాతికేళ్ళ మనిషి చెప్పేటప్పుడు తేదీ ఎక్కడి నుంచి వస్తుంది? "శనక్కాయలు పీకే రోజులు, నాన్న చేలోనే పడుకునేవాడు" అంటుంది. "ఆరో తరగతి దసరా సెలవులు" అంటుంది. అది వట్టి మాట కాదు, తేదీ కంటే గట్టి గుర్తు. పీకుడు ఎప్పుడు మొదలవుతుందో ఆ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు, స్కూలు రిజిస్టరు చూస్తే తరగతీ తేలుతుంది. టైపులో మాత్రం "ఐ డు నాట్ రిమెంబర్ ది డేట్" అని పడుతుంది. అప్పీల్లో దానికి తేదీ చెప్పలేకపోయిందని అర్థం వస్తుంది.

ఇక క్రాస్. "...అనడం నిజం కాదు" అనే వాక్యాలు వరసగా పాతిక. ఆస్తి గొడవల వల్ల కేసు పెట్టాననడం నిజం కాదు. మా అమ్మ చెప్పమంటే చెబుతున్నాననడం నిజం కాదు. వాటిలో ఏ ప్రశ్నకు ఆమె గొంతు వణికిందో, దేనికి కోపంగా లేచి నిలబడిందో, దేనికి అయిదు నిమిషాలు నోరు పెగల్లేదో కాగితం మీద ఉండదు. అది చూసింది ఆ గదిలో ఉన్నవాళ్ళే: జడ్జి గారు, ఇద్దరు లాయర్లు, బోనులో ముద్దాయి, నేను. జడ్జి గారు తీర్పులో రాస్తేనే పై కోర్టుకు తెలుస్తుంది, లేకపోతే ఆ గదిలోనే ఉండిపోతుంది.

ఇప్పుడు ఆ పేరా సంగతి. పి.డబ్ల్యు.1, అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి, చెప్పిన సాక్ష్యం సహజంగా, నమ్మదగినదిగా, విశ్వాసం కలిగించేలా ఉంది. క్రాస్‌లో దాన్ని దెబ్బతీసేది ఏదీ రాబట్టలేకపోయారు. కాబట్టి ప్రాసిక్యూషన్ నేరాన్ని అనుమానానికి తావు లేకుండా రుజువు చేసింది. ఇంగ్లీషులో నాలుగు లైన్లు. వాక్యాలు అటూ ఇటూ మారొచ్చుగానీ ఈ పేరా చదవని క్రిమినల్ లాయరు ఉండరు. నా కంప్యూటర్లో దానికి ఒక ఫైలే ఉండేది. మర్నాడు తీర్పు చెప్పాలి, రాత్రి ఏడు దాటింది, జడ్జి గారు ఆ రోజు అప్పటికే నలభై వాయిదాలు చూసి ఉన్నారు. సాక్షుల సాక్ష్యాల సారాంశం పద్నాలుగు పేజీలు డిక్టేట్ చేశారు, కేస్ లా, అంటే పాత తీర్పుల్లోని మాటలు, ఆరు పేజీలు. "ఆ మామూలు పేరా పెట్టేయండమ్మా" అన్నారు. పెట్టేశాను. పేర్లు, నంబర్లు మార్చాను, అంతే. ఆయన చెడ్డ జడ్జి కాదు. ఆ కేసులో ఆయన ఎంత శ్రద్ధగా విన్నారో నేను చూశాను. ఆమెను ఎందుకు నమ్మారో ఆయనకు కచ్చితంగా తెలుసు, చాంబర్లో రెండుసార్లు నాతో అన్నారు కూడా. "ఆస్తి కోసమే అయితే ఆ ఆస్తి పంపకం అయిపోయి ఆరేళ్ళయ్యాక ఎందుకు కేసు పెడుతుందమ్మా?" అన్నారు. ఆ ఒక్క ముక్క తీర్పులో ఉండుంటే!

తీర్పులో తేల్చాల్సిన అంశాలు, వాటి మీద నిర్ణయం, ఆ నిర్ణయానికి కారణాలు ఉండాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 354వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి దాని చోట వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 393వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. "నమ్మదగినదిగా ఉంది" అన్నది నిర్ణయమా, కారణమా? అది నిర్ణయమే. కారణం దాని వెనకాల ఎక్కడో ఉంది, మేం రాయలేదు.

రిటైరయ్యాక నాకు తీర్పులు చదవడం ఒక అలవాటయింది. టీవీ సీరియళ్ళ కంటే నయమని మా ఆయన అంటారు. వేరే దేశాల వాళ్ళు ఇదే తలనొప్పి ఎలా పడుతున్నారో చూద్దామని మొదలుపెట్టాను. కెనడా సుప్రీం కోర్టులో 2002 నాటి షెపర్డ్ కేసు ఒకటుంది. న్యూఫౌండ్‌లాండ్‌లో ఒకతను దొంగిలించిన రెండు కిటికీలు తన దగ్గర పెట్టుకున్నాడని కేసు. కింది జడ్జి తీర్పు మొత్తం కలిపి ఒక్క వాక్యం: సాక్ష్యమంతా పరిశీలించాను, రుజువు చేసే భారం ప్రాసిక్యూషన్ మీదే ఉందని గుర్తుంచుకున్నాను, సాక్షుల విశ్వసనీయతను ఎలా తూచాలో గుర్తుంచుకున్నాను, ముద్దాయి దోషి. చదవగానే నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. మా మామూలు పేరాకూ దీనికీ తేడా ఏముంది? అప్పీలు వినేవాళ్ళకు ఏ దారీ చూపని తీర్పు చట్టం దృష్టిలో తప్పేనని అక్కడ తేల్చారు. కొత్తగా విచారణ జరపాలని ప్రొవిన్స్ అప్పీలు కోర్టు అంతకు ముందే అన్న మాట నిలబడింది.

అలాగని ప్రతి ఖాళీకీ శిక్ష రద్దు చేస్తూ పోలేదు. 2008లో అదే సుప్రీం కోర్టు ముందుకు బ్రిటిష్ కొలంబియా నుంచి ఆర్.ఇ.ఎం. అనే కేసు వచ్చింది. సవతి తండ్రి మీద, ఆమె చిన్నప్పుడు జరిగినవాటి గురించి, ఏళ్ళ తర్వాత పెట్టిన కేసు. సరిగ్గా మనం మాట్లాడుకుంటున్న రకం. కింది జడ్జి కొన్ని ఆరోపణల్లో దోషి అన్నారు, కొన్నింట్లో కాదన్నారు. ముద్దాయి మాట ఎందుకు నమ్మలేదో సరిగ్గా చెప్పలేదని అప్పీలు కోర్టు శిక్ష కొట్టేసింది. సుప్రీం కోర్టు శిక్షను మళ్ళీ నిలబెట్టింది. వాళ్ళు చెప్పినదాన్ని నేను అర్థం చేసుకున్న పద్ధతిలో చెబితే ఇదీ: తీర్పును విడిగా పట్టుకుని భూతద్దంలో చూడకండి, సాక్ష్యం, వాదనలు, కేసు మొత్తం పక్కన పెట్టుకుని చదవండి. జడ్జి తన ఆలోచనలో ప్రతి అడుగూ రాయక్కర్లేదు, ఏం తేల్చారో, ఎందుకు తేల్చారో, ఆ రెంటికీ మధ్య లంకె కనిపిస్తే చాలు. 2021లో జి.ఎఫ్. కేసులో మళ్ళీ అదే గుర్తు చేశారు. లైంగిక దాడి కేసుల్లో కింది కోర్టు తీర్పుల్ని పదం పదం విడదీసి తప్పులు వెతకొద్దని పై కోర్టులకు చెప్పారు.

ఆస్ట్రేలియాలో డి.ఎల్. అనే కేసు, 2018. ఒక పిల్లవాడి మీద కొన్నేళ్ళ పాటు జరిగిన అఘాయిత్యం, జ్యూరీ, అంటే ప్రజల్లోంచి ఎంపిక చేసి కూర్చోబెట్టేవాళ్ళు, లేకుండా జడ్జి ఒక్కరే విచారించారు. ఏయే ఘటనలు రుజువయ్యాయో తీర్పులో తేటగా చెప్పలేదన్నది అప్పీలు. ఆ దేశపు హైకోర్టులో, అంటే వాళ్ళ అత్యున్నత న్యాయస్థానంలో, ముగ్గురు సరిపోతుందన్నారు, ఇద్దరు సరిపోదన్నారు. అంత పెద్ద జడ్జీలకే ఒకే తీర్పులో కారణం ఉన్నట్టూ లేనట్టూ కనబడిందంటే గీత ఎంత సన్నగా ఉందో చూడండి.

జ్యూరీ ఉన్న కేసైతే ఇంకా చిత్రం. ఆస్ట్రేలియాలోని క్యాథలిక్ చర్చి పెద్ద కార్డినల్ జార్జ్ పెల్ కేసు మీకు తెలిసే ఉంటుంది. 1990లలో మెల్బోర్న్ చర్చిలో పిల్లల మీద అఘాయిత్యం జరిగిందన్న ఆరోపణ మీద 2018 డిసెంబరులో జ్యూరీ దోషి అంది. ఎందుకో చెప్పలేదు, జ్యూరీ కారణాలు చెప్పదు. 2019 ఆగస్టులో విక్టోరియా అప్పీలు కోర్టు ఇద్దరు ఒకటి, ఒకరు ఒకటిగా చీలి శిక్షను నిలబెట్టింది. 2020 ఏప్రిల్ 7న హైకోర్టులో ఏడుగురూ కలిసి కొట్టేశారు. ఫిర్యాదు చేసినతన్ని అబద్ధాలకోరు అనకుండానే, మిగతా సాక్షుల మాటలతో కలిపి చూస్తే జ్యూరీకి అనుమానం కలిగి ఉండాల్సిందని తేల్చారు. ఆ తీర్పు కొందరికి నచ్చింది, కొందరికి నచ్చలేదు. నచ్చనివాళ్ళు కూడా ఎక్కడ విభేదిస్తున్నారో వేలు పెట్టి చూపగలిగారు, ఎందుకంటే ఆ చివరి మెట్టు మీద కారణాలు రాసి ఉన్నాయి. మన దగ్గర జ్యూరీ పోయి చాలా ఏళ్ళయింది. కింది మెట్టు మీద నుంచే రాసే జడ్జి ఉన్నారు. ఆ సౌకర్యం చేతిలో ఉంచుకుని జ్యూరీలా మాట్లాడితే ఎలా?

ఇదంతా ఆడపిల్లల తరఫున మాత్రమే చెబుతున్నానని అనుకోవద్దు. నా సర్వీసులోనే ఇంకో కేసు గుర్తుంది. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు పిల్లలకు ట్యూషన్లు చెప్పేవాడట. ఇరవై ఏళ్ళ కిందటి ఆరోపణ. ఆ రోజుల్లో తాను వేరే ఊళ్ళో ఉన్నానన్నాడు. హాజరు రిజిస్టరు చెదలు తినేసింది, ఇంటి యజమాని చనిపోయాడు. ముద్దాయి చెప్పుకునేది వినడానికి పాత కోడ్ 313వ సెక్షన్ కింద ప్రశ్నలు అడిగినప్పుడు కాగితం మీద రాసుకొచ్చి అన్నీ చదివాడు. తీర్పులో ఆ డిఫెన్సుకు దక్కింది "ముద్దాయి వాదన ఆలోచించి చెప్పినట్టుగా ఉంది, నమ్మదగినది కాదు" అన్న ఒక్క ముక్క. ఆ ముక్క కూడా నా ఫైల్లోదే. ఆయన కొడుకు కాపీ తీసుకోవడానికి వచ్చి, వరండాలో నిలబడి మొత్తం చదివి, "మా నాన్నని ఎందుకు నమ్మలేదో ఏ పేజీలో ఉంది మేడం?" అని అడిగాడు. ఈవిడ అడిగిందీ అదే ప్రశ్న. ఒకరు గెలిచిన కేసు, ఒకరు ఓడిన కేసు, ఇద్దరికీ నా దగ్గర జవాబు లేదు.

ఏళ్ళు గడిచిన కేసుల్లో ముద్దాయికి జరిగే నష్టం నిజమైనదే. ఆస్ట్రేలియాలో 1989 నాటి లాంగ్‌మన్ తీర్పు దాని గురించే: ఆలస్యం వల్ల ముద్దాయి తన మాటను నిరూపించుకునే వీలు పోయిందని జ్యూరీని జాగ్రత్తపెట్టమంది. పోనుపోను ఆ హెచ్చరిక ఆలస్యంగా మాట్లాడిన ప్రతి మనిషినీ అనుమానించే మంత్రంలా మారిపోయిందని అక్కడి రాష్ట్రాలు చట్టాలు చేసి దానికి పగ్గం వేశాయి. నాకు అర్థమైనంతలో దారి ఒకటే. ఏ కాగితం పోయింది, ఏ సాక్షి చనిపోయాడు, అది ఉంటే ఏం తేలేది, లేకపోవడాన్ని నేను ఎంతగా లెక్కలోకి తీసుకున్నాను, అని ఆ కేసు వరకు ఆ జడ్జి రాయాలి. ఇంట్లోవాడు చేసిన పని గురించి పిల్ల పన్నెండేళ్ళు ఎందుకు నోరు విప్పలేదో కూడా ఆ కేసు వరకే రాయాలి. మన ఇళ్ళల్లో మింగలేక కక్కలేక బతికేవాళ్ళు ఎందరో మీకు తెలియదని కాదు. తెలిసింది తీర్పులో కనబడాలి.

మీ దగ్గరికి వద్దాం. కెనడాలోనైతే అప్పీలు వినేవాళ్ళకు దారి చూపనంత పలచని తీర్పు అప్పీలుకు ఒక కారణం, శిక్ష పోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి జడ్జీలకు భయం ఉంటుంది. మన దేశంలో మొదటి అప్పీలు వినే కోర్టుకు సాక్ష్యమంతా తిరిగి తూచే అధికారం ఉంది. అది అధికారమే కాదు బాధ్యత కూడా అని పదమ్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. మంచిదే. కానీ దీనికొక పక్క నష్టం ఉంది. కింది తీర్పులో కారణం లేకపోయినా హైకోర్టు చూసుకుంటుందిలే అన్న ధీమా పెరుగుతుంది. హైకోర్టులో లిస్టు పొడవుగా ఉన్న రోజున ఆ చూసుకోవడం జరగదు. పాత కోడ్ 384వ సెక్షన్‌లో ఒక విచిత్రం ఉండేది: అప్పీలును మొదట్లోనే కొట్టేసేటప్పుడు సెషన్స్ కోర్టు కారణాలు రాసి తీరాలి అంది, హైకోర్టుకు ఆ మాట చెప్పలేదు. పెద్దవాళ్ళు చెప్పకపోయినా రాస్తారులే అని చట్టం చేసినవాళ్ళు అనుకున్నారేమో!

ముంబైలో యాంకరేజ్ ఆశ్రమాల కేసు గుర్తు తెచ్చుకోండి. వీధి పిల్లలకు ఆశ్రయం ఇస్తామని తెరిచిన చోట వాళ్ళనే పాడుచేశారన్న కేసు. 2006లో సెషన్స్ కోర్టు శిక్ష వేసింది, 2008లో బాంబే హైకోర్టు కొట్టేసింది, 2011 మార్చిలో సుప్రీం కోర్టు ఆ పిల్లల సాక్ష్యాన్ని మళ్ళీ తిరగేసి శిక్షను నిలబెట్టింది. పై కోర్టు ఓపిగ్గా డిపోజిషన్లు చదివింది కాబట్టి అది సాధ్యమైంది. అంతకు ముందు 1996లో పంజాబ్ వర్సెస్ గుర్మీత్ సింగ్‌లో, బాధితురాలి ఒక్క సాక్ష్యమైనా నమ్మదగినదైతే శిక్షకు సరిపోతుందనీ, ఫిర్యాదులో ఆలస్యం దానంతటదే కేసును చంపదనీ చెప్పారు. మన కింది కోర్టు తీర్పుల్లో గుర్మీత్ సింగ్ పేరాలు పేజీలకు పేజీలు ఉంటాయి. నేనే ఎన్నిసార్లు అతికించానో లెక్క లేదు. ఒక్క సాక్ష్యం చాలు అంటే, ఆ ఒక్క సాక్ష్యాన్ని ఎందుకు నమ్మామో రాయడం ఇంకా ఎక్కువ అవసరమని కదా అర్థం? మేం దాన్ని తిరగేసి, గుర్మీత్ సింగ్ ఉంది కాబట్టి కారణం అక్కర్లేదు అన్నట్టు వాడుకున్నాం.

న్యాయమూర్తులకు బహిరంగ లేఖ రాసే సాహసం నాదేం కాదు, ఈ దారి ముందే పడింది. 1979 సెప్టెంబరులో ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు లా అధ్యాపకులు భారత ప్రధాన న్యాయమూర్తికే రాశారు. మనకు పక్కనే, అప్పటి చంద్రపూర్ జిల్లాలోని పోలీసు స్టేషన్లో 1972లో ఒక ఆదివాసీ అమ్మాయి మీద జరిగిన దాడి కేసులో సుప్రీం కోర్టు పోలీసుల్ని వదిలేసింది. ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ఒప్పుకుందన్న కారణం అందులో ఉంది. ఆ అమ్మాయి పేరుతోనే ఇప్పటికీ ఆ కేసును పిలుస్తారు, నేను ఆ పేరు రాయను. గమనించారా, ఆ నలుగురూ పట్టుకున్నది రాసి ఉన్న కారణాన్ని. రాసి ఉంది కాబట్టే అది ఎంత తప్పో దేశానికి చూపగలిగారు, 1983లో చట్టం మారింది. మా మామూలు పేరాతో వదిలేసి ఉంటే దేన్ని పట్టుకునేవారు?

నేను అడిగేది పెద్ద పెద్ద సంస్కరణలు కాదు. ఒకరి మాట మీదే నిలబడే కేసుల్లో, ముఖ్యంగా ఏళ్ళ తర్వాత వచ్చే కేసుల్లో, ఆ మామూలు పేరా ఉన్న చోట పదిహేను లైన్లు సొంత మాటల్లో ఉండాలని మీ జ్యుడీషియల్ అకాడమీల్లో కొత్త జడ్జీలకు నేర్పించండి. ఆమె ఏమంది, ఆయన ఏమన్నాడు, ఎక్కడ పొసగలేదు, ఏది నమ్మాను, దేనివల్ల. కేస్ లా రెండు పేజీలు తగ్గిస్తే ఆ చోటు దొరుకుతుంది. చుట్టరికాన్ని సాక్షి అన్న మాటలోనే రాయించండి. డిపోజిషన్‌లో అంకుల్ పక్కన "బాబాయి" అని తెలుగు లిపిలో కొట్టడానికి ఇప్పుడు ఏ కంప్యూటరూ అడ్డు చెప్పదు. ఇక కారణం లేని తీర్పు మీ బెంచి ముందుకు వస్తే, దయచేసి ఆ ఖాళీ చూపించి ఆగిపోకండి. అలాగని కేసు మళ్ళీ మొదటి నుంచీ జరపమని వెనక్కి కూడా పంపకండి. ఒకసారి బోనెక్కి దిగిన మనిషిని అదే బోనులోకి ఎక్కించడం ఎలా ఉంటుందో నేను చూశాను, అది వద్దు. డిపోజిషన్ మొత్తం మీరే చదివి, నమ్మితే ఎందుకో, నమ్మకపోతే ఎందుకో మీరే రాయండి. నమ్మలేదని రాసినా ఆమె తట్టుకుంటుంది. కింది జడ్జి కారణం రాయలేదు కాబట్టి అన్న మాటను ఏం చేసుకోవాలో ఆమెకు తెలియడం లేదు.

ఇంకొకటి, చిన్నదే. శిక్ష పడ్డ ముద్దాయికి తీర్పు కాపీ ఉచితం. అడిగితే వీలైనంత వరకు తన భాషలో తర్జుమా ఇవ్వాలి. పాత కోడ్ 363వ సెక్షన్ అది. అది ఉండాల్సిందే. అదే సెక్షన్ కింద, తీర్పు వల్ల ప్రభావితమైన మిగతా ఎవరైనా అప్లికేషన్ పెట్టి, ఫీజు కట్టి తీసుకోవాలి. నేరం జరిగింది ఎవరి మీదో ఆ మనిషి ఈ "మిగతా ఎవరైనా"లో ఉంది. 2009 డిసెంబరు 31 నుంచి విడుదల తీర్పు మీద అప్పీలు చేసుకునే హక్కు బాధితులకు ఇచ్చారు. దేని మీద అప్పీలు చేయాలో చదువుకునే వీలు మాత్రం ఇవ్వలేదు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక భూమి తగాదాలో తెలుగులోనే తీర్పు ఇచ్చింది. పేపర్లో చూసి ఎంత సంతోషపడ్డానో. అన్నదమ్ముల భూమి సంగతి తెలుగులో రాయగలిగినప్పుడు, ఇలాంటి కేసులో కనీసం ఆ రెండు పేజీల చర్చ అయినా తెలుగులో ఆమె చేతికి ఇవ్వలేమా?

సుప్రీం కోర్టుకు వెళ్ళడానికి తీర్పు తేదీ నుంచి తొంభై రోజులు. వెళ్తుందో లేదో ఆమె ఇంకా తేల్చుకోలేదు. తెలుగులో మొత్తం చదివాకే చెబుతానంది. అందుకని రోజూ రాత్రి భోజనాలయ్యాక కూర్చుని చేత్తో తెలుగులోకి రాస్తున్నాను. ఇరవై ఒకటో పేజీ దాకా అయింది. ఇరవై రెండో పేజీలో కింది కోర్టు పేరా వస్తుంది, నేను అతికించిందే. దాని దగ్గర మూడు రోజులుగా ఆగి ఉన్నాను. అది నా ఫైల్లోదని ఆమెకు ఇంకా చెప్పలేదు. ఆదివారం వస్తానంది.

భవదీయురాలు,
ఒక రిటైర్డ్ కోర్టు స్టెనో